వెనక సీట్ల వేడి

పరదా పంతొమ్మిదో ఏడు. మార్గశిరం, సోమవారం.

ఇవాళ్టి నుంచి బండి వెనక సీట్లకు కూడా వేడి వస్తోంది.

మా నాన్న ఈ వ్యానే నడిపే రోజుల్లో దీనికి డీజిలు ఇంజను ఉండేది. ఇంజను ఎలాగూ కాగేది కాబట్టి ఆ వేడినీళ్ళను ఒక గొట్టంలో లోపలికి తిప్పుకుంటే బండి ఊరికే వెచ్చబడేది. ఆ గొట్టం తెరవాల్సిన అవసరం మా నాన్నకు ఎన్నడూ రాలేదు. అప్పట్లో ఎండాకాలం మనుషులు రోడ్డు మీద సొమ్మసిల్లి పడేవాళ్ళట. ఆ ఎండ తాళలేకనే గదా దాన్ని ఆపడానికి ఆకాశంలో పరదా కట్టించుకున్నాం, ఏళ్ళ లెక్క కూడా అక్కడి నుంచే. ఇప్పుడు మార్గశిరం వస్తే కడవలో నీళ్ళు గడ్డ కడుతున్నాయి. ఇంజను తీసేసి మోటారు పెట్టుకున్నాం. మోటారుకు ఒంట్లో వేడి ఉండదు. లోపల వెచ్చగా ఉండాలంటే బ్యాటరీలోంచే ఖర్చుపెట్టాలి.

ముందు అద్దానికి మంచు పట్టకుండా పోయినేడు ఒక పింగాణీ హీటరు బిగించాను. రెండోది ఇప్పుడు ఈ బండి సొంతదారులైన కూలీల సొసైటీ వాళ్ళు ఇచ్చారు, విరగ్గొట్టిన బస్సులోది. చూడటానికి చిన్న పలక. అల్యూమినియం రెక్కల మధ్య వరసగా పింగాణీ బిళ్ళలు. తీగ హీటరులాగా ఎర్రగా కాలిపోయే రకం కాదు. కాగేకొద్దీ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. ఫ్యాను ఆగిపోయినా బండిని తగలబెట్టదు. అందుకే దాని మీద నాకు నమ్మకం. రేకు పెట్టెలో దాన్ని కూర్చోబెట్టి, వెనక చిన్న ఫ్యాను పెట్టి, చివరి సీటు కింద బిగించాను.

పొద్దున మా ఊరు గువ్వలకొండలో పన్నెండు మందీ ఎక్కారు. అందరూ కనుమకు అవతల మదనపల్లెలో గాజు కప్పు కింద పెంచే గాజు తోటల్లో టమోటా కోసేవాళ్ళే. ఊరు దాటాక స్విచ్చి వేశాను. కాసేపు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత వెనక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే ఎర్రిస్వామన్న తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుతున్నాడు. పెద్దామె పీరాంబక్క సీటు మీద నుంచి కిందికి వంగి ఆ పెట్టెను చూస్తోంది. ఆమె వేళ్ళు చలికాలమంతా పగిలి ఉంటాయి. ఆ వేళ్ళతోనే ముప్పై ఏళ్ళుగా పండు కోస్తోంది. కనుమ ఎక్కేసరికి సగం మంది నిద్రపోయారు.

దిగేటప్పుడు ఒక్కొక్కరూ నా భుజం తట్టి వెళ్ళారు. నాకు చాలా గొప్పగా అనిపించింది. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

బుధవారం.

నా భార్య నాగవేణి పెంచే పట్టుపురుగులకు రెండో జ్వరం దిగింది. పురుగు చర్మం విడిచే ముందు తిండి మాని తల ఎత్తి నిలబడటాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది. పోయిన రెండు పంటలూ మూడో జ్వరం దగ్గరే పోయాయి. తెల్లవారి చూస్తే తట్టల నిండా పురుగులు బిర్రబిగుసుకుని ఉండేవి. మొదటిసారి నాగవేణి ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. తట్టలన్నీ ఎత్తి గుంతలో పోసి, చేతులు కడుక్కుని, అన్నం వండింది.

పురుగుల గదిలో కుంపటి పెట్టకూడదు, పొగకు చస్తాయి. ఊళ్ళో కరెంటు దీపాలకు సరిపోతే గొప్ప. ఆమె వేన్నీళ్ళ కుండలు తెచ్చి తట్టల మధ్య పెడుతోంది. చల్లారగానే మారుస్తోంది. రాత్రిళ్ళు అక్కడే కూర్చుంటోంది. కళ్ళ కింద నల్లబడింది. నన్నేమీ అడగలేదు.

ప్లాస్టిక్ గుడారం కింద మల్బరీ పెంచింది ఆమె. మదనపల్లె నుంచి గుడ్లు తెచ్చుకున్నది ఆమె. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. ఊళ్ళో వాళ్ళు ఆమెను పురుగుల నాగవేణి అంటారు. వెక్కిరింపో మెచ్చుకోలో తెలియదు. ఈ పంట కూడా పోతే ఆమె ఇక గుడ్లు తీసుకురాదు. నాకది తెలుసు.

శుక్రవారం.

వెనక హీటరు విప్పాను.

శనివారం.

నిన్న ఒక్క ముక్కే రాసి ఆపేశాను. మిగతాది ఇవాళ రాస్తాను.

సాయంత్రం బండిని ఇంటి వెనక పురుగుల గది గోడకు ఆనించి నిలిపాను. రేకు పెట్టెను ఫ్యానుతో సహా ఊడదీసి లోపల తట్టల కింద పెట్టాను. గోడలో వెలుతురు కోసం వదిలిన కన్నంలోంచి బ్యాటరీ తీగ లోపలికి లాగాను. నాగవేణి అడిగితే సొసైటీ దగ్గర పాతదొకటి పడి ఉంటే ఇచ్చారని చెప్పాను. బ్యాటరీ ఖర్చు సంగతి అడిగితే, రాత్రిపూట మిగిలిపోయే చార్జి అని, ఎవరికీ పనికిరాదని చెప్పాను. రెండు అబద్ధాలూ తడుముకోకుండా వచ్చాయి.

ఈ పొద్దున బండి ఎక్కినవాళ్ళకు మూడోది చెప్పాను. వెనక హీటరు కాలిపోయిందన్నాను. అది కాలే వస్తువు కాదు. సోమవారం అందరికీ నేనే ఆ మాట గొప్పగా చెప్పి ఉన్నాను. ఒక్కరైనా నిలదీస్తారనుకున్నాను. ఎవరూ అడగలేదు. పాత బస్సులోది గదా, ఎన్నాళ్ళొస్తుంది అని ఎర్రిస్వామన్నే నా తరఫున మాట్లాడాడు. తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

ముందు హీటరు ఆపనా, నేను కూడా మీలాగే వస్తాను అన్నాను. పీరాంబక్క వద్దంది. అద్దంలోంచి దారి కనబడకపోతే అందరం లోయలో ఉంటామంది. ఆమె చెప్పింది నిజమే. నేను వెచ్చగా కూర్చుని నడిపాను.

మంగళవారం.

మూడో జ్వరం దాటింది. ఒక్క పురుగు పోలేదు.

గదిలోకి పోతే నాగవేణి నోటి మీద వేలు పెట్టి వినమంది. వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే రేకు మీద సన్నటి వాన పడ్డట్టు ఉంటుంది. ఆమె ఆ చప్పుడు విని ఏడాది దాటింది. తట్టల మధ్య కూర్చుని ఏదో గొణుగుతోంది. పాట అని కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆమె పాడుతుందని నేను మరిచిపోయాను.

ఆ పూట నేను తప్పు చేశానని అనుకోలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గురువారం.

చార్జి చాలడం లేదు. బండికి చార్జి పెట్టేది గాజు తోటల దగ్గర, పగటిపూట మాత్రమే. సాయంత్రం కనుమ ఎక్కి దిగి ఇల్లు చేరేసరికి సగం పోతుంది. మిగిలిన సగంతోనే పొద్దున మళ్ళీ కనుమ ఎక్కాలి. రాత్రంతా హీటరు తాగితే ఆ సగంలో సగమే మిగులుతోంది. మనుషుల బరువుతో బండి కనుమ ఎక్కలేకపోతోంది.

ఈ పొద్దున పెద్ద మలుపు దగ్గర బండి గసపోసింది. ఆపి, బ్యాటరీ ముసలిదైపోయిందని, ఈ ఎత్తు వరకు నడిచి ఎక్కితే పైన ఎక్కించుకుంటానని చెప్పాను. అందరూ దిగి నడిచారు. ఎర్రిస్వామన్నా ఇంకో ఇద్దరూ వెనక నుంచి తోయబోతే వద్దన్నాను. ఖాళీ బండి తేలిగ్గానే ఎక్కింది. పైన ఆగి అద్దంలో చూస్తే వాళ్ళు మలుపు తిరిగి వస్తున్నారు. నోళ్ళలోంచి ఆవిరి. గోనెసంచులు కప్పుకుని ఉన్నారు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయాను.

ఎక్కేటప్పుడు వాళ్ళలో ఒకామె తన దుప్పటి తీసి నా ఒళ్ళో పెట్టబోయింది. చలికి నీ మొహం తెల్లబారిందంది. చలికి కాదని చెప్పలేకపోయాను.

ఆదివారం.

పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. ఇంకో పది రోజులు ఇలా నెట్టుకొస్తే గూళ్ళు కడతాయి. తర్వాత హీటరు తెచ్చి బండిలో పెట్టేస్తాను. బాగుచేయించానని చెప్తాను. ఎవరికీ నష్టం ఉండదు. నెలాఖరుకు అన్నీ సర్దుకుంటాయి.

ఇలా రాసి, రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయాలనిపించింది గాని ఉంచుతున్నాను. ఇవాళ నేనెలాంటి మనిషినో అందులో ఉంది.

శుక్రవారం.

పీరాంబక్క పడిపోయింది.

వారం నుంచి రోజూ నడుస్తున్నారు. నిన్న రాత్రి మంచు ఎక్కువ పడి రోడ్డు మీద పేరుకుని గాజులా ఉంది. నేను పైకి వెళ్ళి ఆగాను. వాళ్ళు రాలేదు. కాసేపు హీటరు ముందు చేతులు కాచుకుంటూ కూర్చున్నాను. ఇంకా రాకపోతే దిగి వెనక్కి నడిచాను. మలుపులో గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఆమె రోడ్డు మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టు ఉండవలసిన తీరున లేదు. నొప్పిగా ఉందా అంటే తెలియడం లేదంది. వేళ్ళు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. చెయ్యి విరిగినట్టు ఆమెకు కళ్ళతో చూశాకనే తెలిసింది.

ఇద్దరం మోసుకుని బండి దాకా తెచ్చాం. ముందు సీట్లో, హీటరు దగ్గర కూర్చోబెట్టాను. వేడి తగిలాక నొప్పి మొదలైంది. అయినా అరవలేదు. పెదవి కొరుక్కుంటూ, మదనపల్లె చేరేదాకా ఒకే మాట అంటూ వచ్చింది. తనవల్ల అందరికీ పని ఆలస్యమవుతోందని.

డాక్టరు కట్టు కట్టాడు. రెండు చోట్ల విరిగిందన్నాడు. నయమైనా ఆ చేత్తో మునుపటిలా కోత కోయడం కష్టమన్నాడు. తోట మేస్త్రీ విని, ఆమె కోసే మొక్కల సాలు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచలేనని, వేరేవాళ్ళకు ఇవ్వవలసి వస్తుందని చెప్పాడు. చెడ్డవాడు కాదు. ఆయన కూడా తల వంచుకునే చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎర్రిస్వామన్న నా పక్కన కూర్చున్నాడు. “నువ్వేం మనసులో పెట్టుకోవద్దప్పా. ముసిలి బ్యాటరీకి నువ్వేం జేస్తావు” అన్నాడు.

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను. ఇంటికొచ్చి బండి నిలిపి, తీగ గోడ కన్నంలోంచి లోపలికి ఇచ్చాను. ఇవాళ కూడా ఇచ్చాను. పురుగులు గూళ్ళు కట్టడానికి చంద్రికలనే అల్లిక చట్రాలెక్కే సమయం. ఇప్పుడు చలి తగిలితే గూడు మధ్యలో వదిలేస్తాయి. ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా వరసగా రాస్తాను.

పీరాంబక్క ఒక్కతే ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఎడమ చేత్తో పొయ్యి వెలిగించుకోలేక రెండు రోజులుగా అటుకులు నానబెట్టుకుని తింటోందని నాగవేణి విన్నదట. ఇవాళ మధ్యాహ్నం పోయి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చింది. ఊళ్ళో అన్నిటికంటే వెచ్చటి గది మాదే గదా, రాత్రికి అక్కడే పడుకోబెడదామనుకుంది. ఇదంతా నాకు తెలియదు. ఆదివారమైనా సొసైటీ పని మీద మదనపల్లె పోయి, పొద్దుగూకే వేళకు వచ్చాను. ఎప్పటిలాగే బండిని గోడకు ఆనించాను. తీగ పట్టుకుని గదిలోకి వచ్చాను.

తట్టల పక్కన మంచం మీద పీరాంబక్క కూర్చుని ఉంది. మెడలోంచి వేలాడే గుడ్డలో చెయ్యి. నాగవేణి ఆమెకు అన్నం కలిపి తినిపిస్తోంది.

“బేగి తగిలించు, అక్కకు సలిగా ఉండాది” అంది నాగవేణి.

వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చుననిపించింది. తీగ తెగిందని చెప్పవచ్చు. ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. కాని నాగవేణి ముద్ద పట్టుకుని ఎదురుచూస్తోంది. వంగి తీగ తగిలించాను. ఫ్యాను తిరిగింది. రేకు పెట్టె ఆ ముసలామె కాళ్ళ ముందే ఉంది. వేడి గాలి ఆమె చీర కుచ్చిళ్ళను కదిలించింది.

పీరాంబక్క పెట్టె వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గోడ కన్నంలోంచి బయటికి పోయే తీగను చూసింది.

“ఇది కాలిపోలేదా నాయనా?” అంది.

నాగవేణి నవ్వింది. “కాలిపోయేదేంది అక్కా? పాతది పడుంటే సొసైటీవాళ్ళు ఇచ్చినారంట.”

పీరాంబక్క నాగవేణి మొహంలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి. ఆమె నన్ను అప్పుడే పట్టిచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

“ఔ, ఇచ్చినారంటనే” అంది మెల్లగా. “నేనూ విన్న్యా.”

ఇంకో ముద్ద తినలేదు. పురుగులు బాగున్నాయని నాగవేణితో చెప్పింది. తన ఇంట్లో తప్ప నిద్ర పట్టదని, దింపి రమ్మని లేచింది. ఎంత బతిమాలినా ఉండలేదు. నాగవేణి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నేను ఆ గదిలో నిలబడిపోయాను. పురుగులు చంద్రికల మీద తల అటూ ఇటూ తిప్పుతూ దారం తీస్తున్నాయి.

నాగవేణి తిరిగొచ్చి తలుపు వేసి, ఆ యమ్మ ఎందుకలా లేచిపోయిందని అడిగింది. నేను చెప్పేశాను. హీటరు ఎక్కడిదో చెప్పాను. కాలిపోయిందని ఎవరికి చెప్పానో చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

“కనుమ మీద వాళ్ళను నడిపిచ్చింది గూడా దీనికేనా?”

ఔనన్నాను.

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. “నేను ఈ ఎచ్చనలో కూచోని పాటలు పాడుకుంటి” అంది. కోపంగా అనలేదు. ఎవరో వేరే మనిషి గురించి చెప్తున్నట్టు అంది.

ఇదంతా నీకోసమే చేశానని అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆమె లేచి పెట్టె దగ్గరికి పోయి తీగ మీద చెయ్యి వేయబోయింది. బ్యాటరీ కరెంటు అది, మనిషిని వదలదు. ముట్టుకోవద్దని అరిచాను. ఆ సాయంత్రం నేను ధైర్యంగా అన్న మాట అదొక్కటే. ఇంకో రెండు రోజులు ఆగితే గూళ్ళు పూర్తవుతాయని, ఇంత కష్టం బూడిదలో పోతుందని చెప్పాను.

“పోనియ్” అంది. “నువ్వు పీకుతావా, నన్ను పీకమంటావా?”

బయటికి పోయి బ్యాటరీ స్విచ్చి ఆపి వచ్చి, తీగ పీకాను. పెట్టెను నేను మోయబోతే ఆమే ఎత్తుకుంది. అది ఇంకా వేడిగా ఉంది. కొంగు చుట్టుకుని బండి దాకా మోసి, చివరి సీటు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

లాంతరు పెట్టుకుని దాన్ని మళ్ళీ పాత చోట బిగించాను.

సోమవారం.

బండి ఎక్కినవాళ్ళకు వెనక వేడి తగిలింది. ఎవరో బాగుచేయించినావా అన్నారు. నేను ఊరు దాటకుండానే బండి పక్కకు తీసి ఆపాను. వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూసే చెప్పాలని అనుకున్నాను. తిరిగాను గాని వాళ్ళ కళ్ళలోకి చూడలేకపోయాను. మళ్ళీ ముందుకు తిరిగి, స్టీరింగు పట్టుకుని, అద్దంలో చూస్తూ చెప్పాను.

హీటరు కాలిపోలేదన్నాను. నిన్నటిదాకా నా ఇంట్లో పురుగుల గదిలో ఉండిందన్నాను. బ్యాటరీ ముసలిది కాదన్నాను. పీరాంబక్క చెయ్యి విరగడానికి నేనే కారణమన్నాను. ఇంకేమైనా చెప్పాలనుకున్నాను గాని అంతకు మించి ఏమీ లేదు.

ఎవరూ తిట్టలేదు. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. నా ఒళ్ళో దుప్పటి పెట్టబోయిన ఆమె కిటికీ వైపు తిరిగింది. కొంతసేపటికి ఎర్రిస్వామన్న అడిగాడు. “అంటే ఇన్నాళ్ళూ మేం మంచులో నడిచింది నీ పురుగులకా గంగులప్పా?”

ఔనన్నాను. ఆయన రోజూ నన్ను గంగులూ అని పిలుస్తాడు.

పోనివ్వమన్నాడు. పోనిచ్చాను. పెద్ద మలుపు దగ్గరకు వచ్చాక ఆపమన్నాడు. చార్జి చాలినంత ఉందని, ఎవరూ దిగనక్కర లేదని చెప్పాను. ఆపమని మళ్ళీ అన్నాడు. దిగి, తలకు తువ్వాలు చుట్టుకుని నడిచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు దిగారు. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు. నేను వాళ్ళ వెనకే, నడక వేగంతో, బండిని ఎక్కించాను. పైన వాళ్ళు ఎక్కి కూర్చున్నారు.

సాయంత్రం ఊళ్ళోకి రాగానే బండిని పంచాయితీ ఆఫీసు ముందు నిలపమన్నారు. ఇక రాత్రిపూట అక్కడే ఉంటుంది. తాళంచెవి ఎర్రిస్వామన్న దగ్గర. వేరే డ్రైవరు దొరికితే నన్ను మాన్పించేవాళ్ళే. ఈ కొండలో ఇంకెవరూ లేరు. నన్ను ఉంచుకున్నది క్షమించి కాదు.

బుధవారం.

పీరాంబక్క ఇంటికి పోయాను. తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. గడప ఇవతల నిలబడి, తప్పయిపోయిందన్నాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

“నువ్వు అడిగింటే ఇచ్చేవాళ్ళం గంగులూ” అంది. “రెండు దినాలు మాకు, రెండు దినాలు నీ పురుగులకు. ఆ పిల్ల ఎంత కష్టపడ్తాందో ఊరందరికీ తెలుసు. అడగల్యా. మేం ఇయ్యమనుకుంటివా?”

నాకు ఆ ఆలోచనే రాలేదని చెప్పాను. అది నిజం. అడగడం అనే దారి ఒకటుందని ఒక్కసారైనా నాకు తట్టలేదు. నేను అబద్ధం చెప్పి ఉన్నా ఆమె అంత బాధపడేది కాదేమో.

నీళ్ళు తెచ్చిపెట్టనా అని అడిగాను. నాగవేణి తెచ్చిందంది. కట్టెలు కొట్టనా అన్నాను. అదీ అయిందంది. చలిగా ఉంది, తలుపేసుకుంటానంది.

శనివారం.

పురుగులు సగం పైన గూడు మధ్యలో వదిలేసి చంద్రికల మీదే చచ్చాయి. కట్టిన గూళ్ళు కూడా పలచన. వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. నాగవేణి మంచివి ఏరి ఒక బుట్టలో వేసింది. చచ్చినవాటిని తీసి గుంతలో పోసింది. సాయం చేస్తానంటే వద్దంది. చంద్రికలు కడిగి, మడిచి, అటక మీద పెట్టింది. గది ఊడ్చి తలుపు గొళ్ళెం పెట్టింది.

అన్నం పెట్టింది. తిన్నాను. మేమిద్దరం మాట్లాడుకోకుండా లేము. ఉప్పు చాలిందా అంటుంది, చాలిందంటాను.

సోమవారం.

ఎర్రిస్వామన్న తాళంచెవి ఇచ్చాడు. బండి వెచ్చబెట్టుకుంటూ పంచాయితీ ఆఫీసు ముందు కూర్చున్నాను. చీకటిలో ఒక్కొక్కరూ వచ్చి ఎక్కుతున్నారు. చివర్లో నాగవేణి వచ్చింది. నెత్తికి నా పాత తువ్వాలు, చేతిలో సద్ది డబ్బా.

నిన్న సాయంత్రం ఆమె మేస్త్రీకి కబురు పంపిందట. పీరాంబక్క సాలులో తను పని చేస్తానని, కూలి పీరాంబక్కకే ఇవ్వమని, ఆమె చెయ్యి ఎంత నయమైతే అంత నయమయ్యాక ఆ చోటు ఆమెదేనని. మేస్త్రీ సరేనన్నాడట. ఇదంతా ఎర్రిస్వామన్న ఇంకెవరికో చెప్తుంటే విన్నాను. నాతో ఎవరూ చెప్పలేదు. నాగవేణి టమోటా కోత ఎన్నడూ కోయలేదు. గాజు కింద దీపాల వేడికి కొత్తవాళ్ళకు మొదటి వారం వాంతులవుతాయి.

ముందు సీటు మీది నా సంచి తీసి కింద పెట్టాను. ఆమె చూసింది. వెనక తలుపు తీసుకుని ఎక్కింది. జరగండక్కా అంటే వాళ్ళు జరిగారు. ఎవరో ఆమెను చంద్రికల సంగతి అడిగారు. ఆమె చెప్తోంది. గొంతు మామూలుగా ఉంది. ఒకామె ఆమె చేతులు తీసుకుని చూసి, కోతకు పోతే గోళ్ళు కత్తిరించుకోవాలని చెప్పింది.

నేను అద్దం సరిచేసుకున్నాను. అందులో అందరూ కనబడుతున్నారు. ఆమె మాత్రం నా సీటు వెనకగా కూర్చుంది. అద్దం ఎటు తిప్పినా కనబడదు.

వెనక స్విచ్చి వేశాను. ముందుది వేయలేదు. ముందు అద్దం మీది మంచు చేత్తో తుడుచుకున్నాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడుచుకున్నాను.

“ముందుది గూడా ఎయ్యి” అని వెనక నుంచి వినబడింది. “దారి కనపడాల.”

నాగవేణి గొంతు. మొగుడితో అందో, ఉత్త డ్రైవరుతో అందో తెలియలేదు. స్విచ్చి వేశాను. అద్దం కింది అంచు నుంచి మెల్లగా తెల్లదనం కరిగి, రోడ్డు బయటపడింది. బండి పోనిచ్చాను.